నాంచారమ్మ గోంగూర పప్పుకి పర్యావరణ మదింపు

మా పక్కింటి బసవమ్మ చెప్పిందట, మా ఆవిడ నాకు చెప్పింది. బైపాస్ దగ్గర కర్రీ పాయింట్ పెట్టుకున్న నాంచారమ్మ వండే గోంగూర పప్పు వల్ల భూమి వేడెక్కుతోందట. ఆ సంగతి పైవాళ్లు మిషన్లు పెట్టి కనిపెట్టారట. ఈ ఏడు మన ఊళ్లో ఎండలు ముదరడానికి అదే కారణమట. "నేను అప్పుడే అనుకున్నా వదినా, ఆమె పప్పు తిన్నరోజు నాకు ఒళ్లంతా వేడి చేస్తది. నాకే అట్టా ఉంటే భూమికెట్టా ఉంటది" అని కూడా అన్నదట.

బసవమ్మ మాటల్లో రూపాయికి పావలా వంతు నిజముంటుంది. ఈసారి మాత్రం అర్ధరూపాయి దాకా ఉందని మధ్యాహ్నం తెలిసింది. నాంచారమ్మ కొట్టు కట్టేసి, చేతిలో కాగితంతో నేరుగా మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. డిగ్రీ చదివిన పాపానికి ఊళ్లో ఎవరికి కాగితం వచ్చినా చదివిపెట్టే పని నాదే.

"సిద్ధాహార పర్యావరణ ప్రభావ మదింపు విభాగం" అని పైన అచ్చేసి ఉంది. కింద ఇలా ఉంది: "మీరు నిర్వహించుచున్న సిద్ధాహార ఉత్పత్తి కేంద్రము వలన గాలికి, నీటికి, నేలకు, నిశ్శబ్దమునకు కలుగు ప్రభావమును పుట్టుక మొదలు పారవేత వరకు మదింపు చేయించుకొని, ముప్పది దినములలోగా ధ్రువపత్రము పొందవలెను. లేనియెడల మీ పొయ్యికి సీలు వేయబడును."

"సిద్ధాహారం అంటే ఏంది తమ్ముడూ?"

"వండి సిద్ధంగా పెట్టిన తిండి అక్కా. కొనుక్కుని పోయి తినటమే."

"దాన్ని కూరలంటారు గదా."

"వాళ్లు కూరలంటే కాగితానికి బరువుండదు."

నాంచారమ్మ నవ్వలేదు. సీలు అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆమె సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. మా ఊరి బైపాస్ పొడుగునా మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. వాటి ముందు రేకుల షెడ్లలో ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలకి తొడిమలు తీస్తుంటారు. నాంచారమ్మ అక్కడ పదేళ్లు పనిచేసింది. పదో ఏట దగ్గు పట్టుకుంది. రాత్రి పగలు లేదు, దగ్గితే కళ్లల్లో నీళ్లు, గుండెల్లో మంట. "మిరపకాయలన్నా ఉండాలి, నువ్వన్నా ఉండాలి, రెండూ కుదరదు" అని పెద్దాసుపత్రి డాక్టరు తేల్చేశాడు. మిరపకాయలు పోయే రకం కాదు కాబట్టి ఈమే బయటికొచ్చి, ఆ షెడ్ల ఎదురుగానే పొయ్యి పెట్టింది. పదకొండేళ్లయింది. దగ్గు పోయింది. ఇద్దరు కూతుళ్ల చదువులు ఆ పొయ్యి మీదే ఉడికాయి.

ఆమె కొట్టుకి ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పనికి పోయే ఆడవాళ్లు తమ తమ క్యారేజీలు ఆమె బల్ల మీద పెట్టి పోతారు. ఎవరిదేదో తెలియడానికి పిడికి రంగు దారం కట్టి ఉంటుంది. ఎర్ర దారం వాళ్లకి పప్పు చిక్కగా, పచ్చ దారం వాళ్లకి కారం తక్కువ, నల్ల దారం ఆమెకి షుగరు కాబట్టి బంగాళాదుంప పడకూడదు. పన్నెండు గంటలకి నూట నలభై క్యారేజీలు నింపి వరసగా పెడుతుంది. కవరు అన్న మాటే లేదు. ఒంటిగంటన్నరకి గిన్నె అడుగున గరిటె గీరిన చప్పుడు వినపడితే ఆ పూటకి కొట్టు కట్టేసినట్టు. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ వెనకింటి ఏడుకొండలు గేదె కుడితి తొట్టిలోకి పోతాయి. అందుకు బదులు ఏడుకొండలు రోజూ బిందెడు మజ్జిగ పంపిస్తాడు. ఈ ఏర్పాటుకి కాగితం లేదు.

కాగితం లేదన్నదే అసలు ఇబ్బంది అని మదింపు రోజున తెలిసింది.

ఆ రోజు మూడు కార్లు వచ్చాయి. ఒకదాంట్లో సహాయ మదింపు అధికారి ఫణిభూషణరావు గారు. రెండోదాంట్లో మిషన్లు, వాటిని పట్టుకుని సాంకేతిక సహాయకుడు జానకిరామ్. మూడోదాంట్లో వాళ్ల భోజనాలు. మదింపు జరిగే చోట మెతుకు ముట్టకూడదని వాళ్లకి నియమమట. అందుకని డెబ్బై కిలోమీటర్ల అవతలి నుంచి అట్టపెట్టెల్లో తెచ్చుకున్నారు.

ఫణిభూషణరావు గారు మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు. ఫారంలో ఉన్న గడి తప్ప లోకంలో ఇంకేమీ లేదని గట్టిగా నమ్మిన మనిషి.

"గోంగూర ఎక్కడి నుంచి వస్తుందమ్మా?"

"పెరట్లోంచయ్యా."

"రవాణా దూరం?"

"ఇరవై అడుగులు ఉంటదేమో."

"బిల్లు?"

"నా పెరట్లో నేను కోసుకున్నదానికి బిల్లెవరిస్తారయ్యా?"

ఆయన కలం ఆపి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "చూడమ్మా, బిల్లు లేని సరుకు ఎక్కడ పుట్టిందో శాఖకి తెలియదు. మూలం తెలియని సరుకుకి గరిష్ఠ ప్రభావం వేయాలని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. గరిష్ఠం అంటే విమాన రవాణా."

"అంటే?"

"మీ గోంగూర విమానంలో వచ్చినట్టు పరిగణిస్తాం."

అప్పుడే కోసిన కట్ట ఆమె చేతిలోనే ఉంది. వేళ్ల మట్టి కూడా ఆరలేదు. ఆమె దాని వంక, ఆకాశం వంక చూసి నా వైపు తిరిగింది. "నేను ఎక్కలేదు తమ్ముడూ, నా గోంగూర ఎక్కిందంట" అంది.

తరవాత తాలింపు. ఆవాలు చిటపటలాడుతుంటే జానకిరామ్ బాండలి పక్కన చిన్న మిషను పట్టుకుని నిలబడి ఒక అంకె చెప్పాడు. అది నివాస ప్రాంతంలో ఉండాల్సిన నిశ్శబ్దాన్ని మించిందట. తాలింపుని వీలైనంత నెమ్మదిగా పెట్టుకోవాలని ఫణిభూషణరావు గారు సూచించారు. ఆవాలకి ఆ సంగతి ఎలా చెప్పాలో సూచించలేదు.

"వ్యర్థ జలం ఎటు పోతుంది?" అన్నారు ఆ తరవాత.

"మా ఏడుకొండలు గేదె తాగుద్దయ్యా."

ఫణిభూషణరావు గారి కళ్లల్లో మొదటిసారి ఉత్సాహం కనిపించింది. ఫారం తిప్పితిప్పి చూసి, జానకిరామ్‌తో మంతనాలాడి, చివరికి "జీవాధారిత వ్యర్థ జల శుద్ధి యూనిట్, సంఖ్య ఒకటి" అని రాసుకున్నారు. శుద్ధి యూనిట్ ఉన్నప్పుడు దాని సామర్థ్యం కొలవాలి, అది వదిలే వాయువులూ కొలవాలి. అందరం వెనకింటికి నడిచాం.

యూనిట్ అప్పుడు నెమరు వేస్తోంది.

సంగతి వినగానే ఏడుకొండలు అడ్డం పడ్డాడు. "మిషను మూతి దగ్గర పెడతానంటే పెట్టనియ్యదండీ. అది మా ఇంటిదాని చెయ్యి తప్ప ఇంకొకళ్లని రానీదు. ఆమె పుట్టింటికి పోయినప్పుడల్లా నేను కూడా ఆమె చీర చుట్టుకునే పాలు పిండుతా."

"మీ ఆవిడని పిలవండి."

"పుట్టింటికి పోయింది."

మిషను శాఖ మనుషులు తప్ప ఇంకొకళ్లు పట్టుకోకూడదట. ఫణిభూషణరావు గారు జానకిరామ్ వంక చూశారు. జానకిరామ్ గేదె వంక చూశాడు. నలభై రెండేళ్ల మనిషి, బట్టతల, మెడలో గుర్తింపు కార్డు, ఇంట్లో పెళ్లాం పిల్లలు.

"సార్, ఇది నా విధుల జాబితాలో లేదు."

"ఇతర పనులు అప్పగించినచో అవియును అని ఆఖర్న ఉంటుంది జానకిరామ్, చూసుకోండి."

పది నిమిషాల తరవాత జానకిరామ్ పూలపూల వాయిలు చీరలో, తల మీద కొంగుతో, మిషను పట్టుకుని గేదె దగ్గరికి నడిచాడు. సరిగ్గా అప్పుడే టీ తాగడానికి వదిలిన షెడ్ల ఆడవాళ్లు దారిన పోతూ ఆగారు.

"ఏమే, ఏడుకొండలు మావ ఇంకొకామెని తెచ్చుకున్నాడే" అంది ఒకామె.

"తెచ్చుకుంటే తెచ్చుకున్నాడు, కుచ్చిళ్లు పెట్టటం రానిదాన్ని యాడ పట్టాడో" అంది ఇంకొకామె.

గేదె చీర వాసన చూసి ఊరుకుంది. మిషను మోగింది. నివేదికలో "సిబ్బంది రక్షణ దుస్తులు: చీర, ఒకటి" అని రాసినట్టు తరవాత నేను నా కళ్లతో చదివాను.

"ఈ యూనిట్ నుంచి బయటికి వచ్చేదేమిటి?" అని అడిగారు ఫణిభూషణరావు గారు.

"పాలండీ. తోడేసి చిలికి మజ్జిగ నాంచారమ్మకే పంపిస్తాం" అన్నాడు ఏడుకొండలు గర్వంగా.

ఆయన ముఖం మబ్బు కమ్మినట్టయింది. "అంటే వ్యర్థ జలం శుద్ధి అయ్యాక తిరిగి వంటశాలకే వస్తోంది. దాన్ని ప్రజలకి పోస్తున్నారు."

"మజ్జిగండీ అది."

"శుద్ధి చేసిన వ్యర్థ జలం తాగడానికి పనికిరాదని శాఖ నిబంధన. మజ్జిగకి మినహాయింపు ఉన్నట్టు నా దృష్టికి రాలేదు."

మళ్లీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి పన్నెండయింది. క్యారేజీలు నింపే వేళ. ఒక్కో ఖాళీ క్యారేజీని తక్కెట్లో పెట్టి తూచారు. సగటున కిలో రెండు వందల గ్రాములు.

"ప్యాకింగ్ బరువు చాలా ఎక్కువగా ఉందమ్మా. కవరైతే రెండు గ్రాములు. మీరు ఆరు వందల రెట్లు వాడుతున్నారు."

"అయ్యా, అయ్యి ఆళ్ల క్యారేజీలు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి తోముకుని రేపు మళ్లీ తెస్తారు."

"రేపటి సంగతి రేపటి మదింపులో చూస్తాం. ఈ రోజు ఈ ఆవరణ దాటి బయటికి పోయే ప్యాకింగ్ ఎంత అన్నదే ఈ గడి." ఆయన అక్కడే గుణించారు. "రోజుకి నూట అరవై ఎనిమిది కిలోల ఉక్కు వ్యర్థం. ఏడాదికి యాభై టన్నులు. జిల్లాలో ఇంత ఉక్కు పారేస్తున్న యూనిట్ ఇంకొకటి లేదు."

వరసలో నిలబడ్డ పోలేరమ్మ అనే ముసలామె తన క్యారేజీని గబుక్కున చంకలో పెట్టుకుంది. "నాది పారేయను నాయనా. నా పెళ్లికి పెట్టింది" అని చెప్పింది. ఆ వివరానికి ఫారంలో గడి లేదు.

చివరి ప్రశ్న మిగులు గురించి.

"రోజూ ఎంత మిగులుతుంది?"

"మిగలదయ్యా."

"మిగలకుండా ఎలా ఉంటుంది? సిద్ధాహార పరిశ్రమలో సగటున ఎనిమిది శాతం మిగులు. అసలు లేదంటున్నారంటే ఎక్కడో దాస్తున్నట్టు."

"ఎంతమందో చూసుకుని వండుతానయ్యా. ఆఖర్న నాలుగు మెతుకులుంటే నేనే తింటా."

"ఎనిమిది శాతం చూపిస్తేనే దాని నిర్వహణ ఎలా ఉందో మేం మదింపు చేయగలం. మూత ఉన్న తొట్టి పెట్టుకుని అందులో వేయండి."

"మిగలకపోతే?"

"మిగిలేట్టు వండండి" అన్నారు ఫణిభూషణరావు గారు, చాలా మర్యాదగా.

వారానికి నివేదిక వచ్చింది. అరవై ఒక్క పేజీలు. నాంచారమ్మ కొట్టుది ఎర్ర వర్గం. ఎర్ర వర్గంలో మా జిల్లా మొత్తానికి రెండే ఉన్నాయి, ఆమె కొట్టూ, ఒక సిమెంటు ఫ్యాక్టరీ. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర బిల్లులన్నీ ఉన్నాయి కాబట్టి వాళ్లది కాస్త లేత ఎరుపు.

వెనక పేజీలో దిద్దుబాట్లు ఉన్నాయి. గోంగూర బిల్లున్న వ్యాపారి దగ్గరే కొనాలి. అలాంటి వ్యాపారి నూట నలభై కిలోమీటర్ల దూరంలో ఒకడున్నాడు, లారీలో పంపిస్తాడు. లారీ పొగ ఎవరి లెక్క అని నేను ఫోన్ చేసి అడిగితే అది వ్యాపారి లెక్కలోకి పోతుందన్నారు. క్యారేజీలు మాన్పించి కవర్లు వాడాలి. పారేసిన కవర్లు పారేసినవాళ్ల లెక్క. గేదెని యూనిట్ హోదా నుంచి తప్పించి, కడుగునీళ్లు రోడ్డు కాలవలోకి వదలాలి. ఆ తరవాత కాలవ పంచాయతీ లెక్క. ఇలా ఒక్కొక్కటీ ఇంకొకరి నెత్తిన పెట్టుకుంటూ పోతే నాంచారమ్మ పళ్లెం తుడిచినంత శుభ్రంగా తేలుతుంది.

"ఇయ్యన్నీ చెయ్యకపోతే?" అంది నాంచారమ్మ.

"పొయ్యికి సీలు వేస్తారక్కా."

"చేస్తే వెయ్యరు గదా?"

"వెయ్యరు."

"అయితే చేద్దాం తమ్ముడూ. నేను మళ్లీ ఆ కాయల్లోకి పోలేను."

చేసింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. పెరట్లో గోంగూర పూతకొచ్చి ముదిరిపోయింది. లారీలో వచ్చిన గోంగూర మూడోరోజుకి దిగేది, వాడి, నల్లబడి, బిల్లుతో సహా. వేడి పప్పు కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తే పప్పు కవరు వాసన, కవరు పప్పు వాసన. దారాల రంగులు పోయాక ఎవరికి చిక్కన, ఎవరికి కారం తక్కువ అన్నది పోయింది. నల్ల దారం ఆమె రెండుసార్లు బంగాళాదుంప తిని ఆసుపత్రికి పోయింది. కాలవ పొంగింది. దోమలు లేచాయి. కవర్లు ఎగిరి ముళ్లకంచె మీద పడి ఆరేసిన గుడ్డల్లా రెపరెపలాడాయి. కుడితి లేక గేదె ఎముకలు తేలింది. ఏడుకొండలు భార్య పుట్టింటి నుంచి తిరిగొచ్చి, గేదె చిక్కడమూ తన చీర నలగడమూ కలిపి చూసుకుని, మొగుడితో పది రోజులు మాట్లాడలేదు.

ఎనిమిది శాతం మాత్రం నాంచారమ్మకి చేతకాలేదు. తొట్టి ముందు గరిటె పట్టుకుని నిలబడేది. అందులో పప్పు వేయడానికి చెయ్యి పోయేది కాదు. చివరికి నన్ను పిలిచి, "తమ్ముడూ, నువ్వెయ్యి, నేను అటు తిరిగి ఉంటా" అనేది. రోజూ పన్నెండున్నరకి నేను వెళ్లి పదకొండు మంది తినే తిండి తొట్టిలో వేసి, రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టి వచ్చేవాణ్ణి.

పదిహేను రోజులకొకసారి జానకిరామ్ వచ్చి అంకెలు రాసుకుపోయేవాడు. చీర సంగతి తెలిసినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు కాబట్టి కారు దిగేవాడు కాదు, అద్దం దించి అడిగేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు నూట నలభై మంది తొంభై అయ్యారు. రెండోసారికి నలభై. ఆ తరవాత పన్నెండు. షెడ్ల ఆడవాళ్లు ఇంటి దగ్గరే పచ్చడి కలుపుకుని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పోలేరమ్మ ఒక్కతే చివరిదాకా వచ్చి, కవరు కొని, అక్కడే విప్పి తన క్యారేజీలో పోసుకుని, కవరు నాంచారమ్మ చేతిలో పెట్టి పోయేది. అది కూడా నిబంధనలకి విరుద్ధమని జానకిరామ్ అద్దంలోంచి చెప్పాక ఆమె కూడా మానేసింది.

ఒక సోమవారం నాంచారమ్మ పొయ్యి వెలిగించలేదు. మంగళవారం ముఖానికి గుడ్డ కట్టుకుని రేకుల షెడ్లోకి పోయి వరసలో కూర్చుంది. శుక్రవారానికి దగ్గు తిరిగొచ్చింది.

ఆ పక్షం జానకిరామ్ మూసిన కొట్టు ముందు అద్దం దించి రాసుకుపోయిన అంకెలు కంప్యూటర్లో ఎక్కించేసరికి జిల్లా కార్యాలయంలో కలకలం రేగిందట. గాలికి సున్నా. నీటికి సున్నా. నేలకి సున్నా. నిశ్శబ్దానికి భంగం సున్నా. ఎర్ర వర్గంలో మొదలైన కేంద్రం మూడు నెలల్లో సున్నాకి రావడం విభాగం పుట్టాక ఇదే మొదలట. గీత పై నుంచి కిందికి జారుడుబల్లలా దిగింది. ఆ గీతని పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చేయించి, బైపాస్ పక్కన షామియానా వేసి, "సున్నా ప్రభావ సిద్ధాహారం: ఒక విజయగాథ" అని సభ పెట్టారు. కొట్టు నడవట్లేదని చెబుదామని నేను ముందురోజు ఫోన్ చేశాను. "సలహాలు, సూచనలు సభ తరవాత లిఖితపూర్వకంగా" అన్నారు.

సభకి జిల్లా ఉన్నతాధికారి గారు వచ్చారు. నలభై మంది సిబ్బంది వచ్చారు. నాంచారమ్మని షెడ్లోంచి పిలుచుకొచ్చారు. కళ్లెర్రగా ఉన్నాయి. ముఖానికి కట్టుకున్న గుడ్డ మెడలోకి జారి ఉంది, వేళ్లన్నీ కారం మంట. కుర్చీ వేస్తే అంచున కూర్చుంది.

ఫణిభూషణరావు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. "సంప్రదాయ, అశాస్త్రీయ, ఉక్కు ఆధారిత విధానం నుంచి ఈ మహిళ సాధించిన పరివర్తన అంతర్జాతీయ ప్రమాణాలకి ఏమాత్రం తీసిపోదు. ఈ నమూనాను దశలవారీగా రాష్ట్రంలోని ప్రతి వంటింటికీ విస్తరింపజేయాలని ప్రతిపాదిస్తున్నాను" అన్నారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ దగ్గింది. శాలువా కప్పారు. ఆకుపచ్చ ధ్రువపత్రం అద్దం ఫ్రేములో పెట్టి చేతికిచ్చారు.

రెండు దాటింది. ఎండ షామియానాలోకి దిగింది. ఈసారి మూడో కారు రాలేదు, ఎందుకంటే భోజనం ఇక్కడే అని ఆహ్వాన పత్రంలో అచ్చు వేశారు. ఉన్నతాధికారి గారు పొద్దున ఏమీ తినలేదట. చేతులు కడుక్కుని వచ్చి, వరసగా వేసిన బల్లల ముందు కూర్చుని, ప్రసన్నంగా నాంచారమ్మ వైపు తిరిగారు. వెనకాల నలభై మందీ కూర్చున్నారు.

"తీసుకురామ్మా. ఇంతమంది ఇంతసేపు చెప్పుకున్నాం, ఆ సున్నా ప్రభావ భోజనం ఎలా ఉంటుందో మేమూ ఒక ముద్ద రుచి చూస్తాం."

నాంచారమ్మ ఫ్రేము బల్ల మీద పెట్టింది. శాలువా తీసి దాని పక్కన మడిచి పెట్టింది. మెడలోని గుడ్డ మళ్లీ ముక్కు మీదికి లాక్కుంది.

"వండితే సున్నా ఎట్టా వస్తదయ్యా?" అంది.